పట్టణంలో కొత్త క్రైస్తవ సంఘం మొదలుపెట్టాలంటే: బోర్డు కంటే ముందు బస్తీలో రెండేళ్లు

ప్రశ్న అడిగిన తమ్ముడికి వందనాలు. మీరు రాసింది రెండుసార్లు చదివాను. బైబిల్ కాలేజీ పూర్తయింది, ఇరవై ఏడేళ్లు, అచ్చంపేట వైపు ఊరు, మెడికల్ ఏజెన్సీలో ఉద్యోగం, మీ ఇంటావిడ ప్రైవేట్ స్కూల్లో టీచర్. వచ్చే జూన్‌లో ఉద్యోగం మానేసి మహబూబ్‌నగర్‌లో హాల్ అద్దెకు తీసుకుని సంఘం మొదలుపెట్టాలని మీ దర్శనం. ఎంత డబ్బు కావాలి, ఎన్నాళ్లకు సంఘం నిలబడుతుంది, సేవకుడి రోజు నిజంగా ఎలా గడుస్తుంది అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఉద్యోగం మానకండి, హాల్ తీసుకోకండి. ఏదో ఒక బస్తీలో మామూలు ఇల్లు అద్దెకు తీసుకుని ఇద్దరూ అక్కడ రెండేళ్లు కాపురం చేయండి. మూడు కుటుంబాలు వాళ్లంతట వాళ్లు మీ ఇంటికొచ్చి చాప మీద కూర్చుని ప్రార్థన చేసే రోజు వరకు బోర్డు రాయించకండి. సంఘం తన ఖర్చు తాను భరించుకోవడానికి ఏడెనిమిదేళ్లు పడుతుందని మనసులో పెట్టుకోండి. అంతకు ముందే జరిగితే దేవునికి స్తోత్రం.

ఇలా ఎందుకంటున్నానంటే, మీరు చేయబోతున్నదే నేను 2001లో చేశాను. న్యూటౌన్ దగ్గర రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకున్నాను. నలభై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైక్ సెట్టు, రెండు వేల కరపత్రాలు. మొదటి ఆదివారం ముప్పై ఒక్క మంది వచ్చారు. ఆ రాత్రి నాకు, మా ఆవిడకు ఆనందంతో నిద్ర పట్టలేదు. మూడో నెలకు నలుగురు మిగిలారు. తర్వాత విచారిస్తే తెలిసింది: ఆ ముప్పై ఒక్క మందిలో దాదాపు అందరూ వేరే సంఘాల విశ్వాసులే. కొత్త పాస్టర్ ఎలా మాట్లాడతాడో చూద్దామని వచ్చారు, చూశారు, వెళ్లిపోయారు. నేను చేసింది సంఘ స్థాపన కాదు, పక్కవాళ్ల మందలోంచి గొర్రెలను పిలవడం. తెలిసి చేయలేదు కానీ జరిగింది మాత్రం అదే. అద్దె బాకీ పడింది, కుర్చీలు అమ్మాను, షెడ్డు వదిలేశాను.

అప్పుడు బతుకు కోసం మళ్లీ కుట్టు మిషన్ ఎక్కాను. మా నాన్న దర్జీ, చిన్నప్పటి నుంచి వచ్చిన పని. మెట్టుగడ్డ వైపు ఒక అరుగు మీద మిషన్ వేసుకుని పదకొండేళ్లు తొక్కాను. జూన్‌లో స్కూలు యూనిఫాంలు, దసరాకు, క్రిస్మస్‌కు కొత్త బట్టలు, మిగతా రోజులు చీర ఫాల్స్, ప్యాంట్ల పొడవు తగ్గించడం. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడని బైబిల్ కాలేజీలో చదివినప్పుడు అది పరీక్షలో ఒక ప్రశ్న మాత్రమే నాకు. అరుగు మీద కూర్చున్నాక అర్థమైంది. సూదిలో దారం ఎక్కిస్తున్న మనిషితో జనం భయం లేకుండా మాట్లాడతారు. చేతిలో బైబిల్ పట్టుకుని తలుపు కొట్టిన మనిషితో అట్లా మాట్లాడరు. కాజాలు పూర్తయ్యే వరకు నిలబడి, కొడుకు తాగుడు గురించి, బిడ్డ కట్నం గురించి, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పేవాళ్లు. "నీ కోసం ప్రార్థన చేయొచ్చా అక్కా" అని అడిగితే కాదన్నవాళ్లు తక్కువ. మా మొదటి కుటుంబం నన్ను చూసింది మందిరంలో కాదు, చిరిగిన స్కూలు బ్యాగుతో ఆ అరుగు దగ్గరే.

కాబట్టి మెడికల్ ఏజెన్సీ పనిని సేవకు అడ్డం అనుకోకండి. మీకు ప్రతి మెడికల్ షాపు తెలుసు, డాక్టర్లు తెలుసు, ఏ మందు ఎక్కడ తక్కువకు దొరుకుతుందో తెలుసు. బస్తీలో అది చాలా పెద్ద వరం.

పట్టణంలో ఇప్పటికే ఉన్నవాళ్లను ముందు కలవండి. ఇది కొత్త పొలం కాదు తమ్ముడూ. నల్లగొండలో 1890 నుంచే మిషన్ పని ఉంది. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ (ఒక ప్రొటెస్టెంట్ శాఖ) మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ బాప్టిస్టు మిషన్ తరఫున అక్కడ మొదలుపెట్టాడు. మన వైపు ముందు అమెరికన్ బాప్టిస్టులు ఉన్నారు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల ప్రాంతాలు మెన్నోనైట్ బ్రదరెన్ చేతికి వచ్చాయి. జడ్చర్లలో వాళ్ల ఆసుపత్రికి మన తాతలు ఎడ్లబండ్ల మీద వెళ్లేవాళ్లు. ఆ పాత సంఘాల్లో నాలుగో తరం విశ్వాసులు ఉన్నారు. మీరు వచ్చిన మొదటి నెలలోనే ఆ పెద్దల దగ్గరికి వెళ్లి, నమస్కారం పెట్టి, "నేను ఫలానా బస్తీలో ఉంటున్నాను, మీ విశ్వాసులెవరైనా నా దగ్గరికి వస్తే ముందు మీకే చెబుతాను" అని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి. నేను ఆ పని నాలుగేళ్లు ఆలస్యంగా చేశాను, ఎందుకు బాధపడ్డానో కింద చెబుతాను.

రోజు ఎలా గడుస్తుందని అడిగారు. నా రోజు చెబుతాను, మీది వేరుగా ఉండొచ్చు.

నాలుగున్నరకు లేస్తాను. ఐదు గంటలకు నేను, మా ఆవిడ కలిసి ఒక కీర్తన బయటికి చదువుకుంటాం. అది ప్రసంగం కోసం కాదు. ప్రసంగం కోసం చదివే చదువు వేరు, మన ఆకలికి చదివే చదువు వేరు. రెండూ ఒకటే అనుకుని మూడేళ్లు గడిపాక నేను లోపల ఎండిపోయాను. మూడో ఏడులో రెండు కుటుంబాలు పాటలు బాగుంటాయని పెద్ద సంఘానికి వెళ్లిపోయిన రోజు, నాకు ప్రార్థన చేయడానికి నోరు రాలేదు. మా ఆవిడ చదువుతుంటే వింటూ కూర్చున్నాను. అలా ఆరు నెలలు ఆమె విశ్వాసం మీదే నేను నడిచాను. ఈ మాట ప్రసంగ వేదిక మీద చెప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పగలు పని. సాయంత్రం నాలుగు తర్వాత ఇళ్లు తిరగడం. మంగళవారం జనరల్ హాస్పిటల్. బుధవారం రాత్రి ఏదో ఒక ఇంట్లో కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పూర్తిగా వాక్యం సిద్ధపాటు. ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం రెండు దాటుతుంది అన్నం తినేసరికి. సోమవారం ఫోన్ మా ఆవిడ చేతికి ఇచ్చేస్తాను. ఇవన్నీ రాసుకున్న ప్రకారం జరిగే వారాలు నెలలో ఒకటి ఉంటే గొప్ప. రేషన్ కార్డులో పేరు ఎక్కలేదని ఒకరు, అల్లుడు బిడ్డను కొట్టాడని రాత్రి పదకొండుకు ఒకరు, ఫీజు కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వనన్నారని ఒకరు. సేవకుడి పని అంటే ఎక్కువ భాగం ఇదే. ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించడానికి లైన్లో నిలబడిన గంట వృథా అనుకునేవారు ఈ పరిచర్యలో ఎక్కువ కాలం ఉండలేరు.

ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి, ప్రార్థన చేశాం కదా అని ఎవరితోనూ మందులు మాన్పించకండి. ఒక యువకుడికి టీబీ వచ్చింది. రెండు నెలలకు దగ్గు తగ్గింది, "స్వస్థత వచ్చేసిందయ్యా, గోళీలు ఆపేస్తా" అన్నాడు. ఆదివారం సాక్ష్యం కూడా చెబుతానన్నాడు. కోర్సు ఆరు నెలలు. నేను ఒప్పుకోలేదు. "నువ్వు ఆరో నెల గోళీ మింగిన రోజు సాక్ష్యం చెప్పు, ఆ రోజు సంఘమంతా స్తుతిస్తుంది" అన్నాను. మిగతా నాలుగు నెలలు ప్రభుత్వ ఆసుపత్రి గోళీలు నేనే గుర్తుచేసి మింగించాను. ఇవాళ అతనికి ఇద్దరు పిల్లలు. నేను దేవుడు బాగుచేస్తాడని మనసారా నమ్ముతాను. ఆ గోళీ కూడా ఆయన దయే.

ఇప్పుడు ఎవరూ అడగని విషయం ఒకటి చెప్పాలి. మీరూ అడగలేదు. మీ సంఘంలో మొదటి చావు జరిగితే ఎక్కడ పాతిపెడతారు?

మా నాలుగో బాప్తిస్మం ఒక అవ్వది. డెబ్బై దాటిన మనిషి, మనవడితో ఉండేది. బాప్తిస్మం అయిన వారానికే నన్ను అడిగింది: "అయ్యా, నేను వోతే నన్ను ఏడ వెడ్తరు?" నేను ఆ ప్రశ్నను పట్టించుకోలేదు. "దేవుడు చూసుకుంటాడవ్వా, నువ్వు ఇంకా చాలా ఏళ్లు ఉంటావు" అని నవ్వి వచ్చేశాను. ఎనిమిది నెలలకు, 2006 జూలై జోరువానలో, రాత్రి రెండు గంటలకు మనవడు తలుపు కొట్టాడు.

పొద్దున్నే కులపెద్దల దగ్గరికి వెళ్లాం. ఆమె మతం మారింది కదా, మా బొందలగడ్డకు తేవద్దన్నారు. పాత సంఘం ఒకదాని సమాధుల తోటకు వెళ్లి అడిగాం. సభ్యత్వం ఉన్న కుటుంబాలకే చోటు, ఉన్న చోటే నిండిపోయింది, కమిటీ కూర్చోవాలి అన్నారు. నేను నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వాళ్ల గడప తొక్కని మనిషిని. ఆ రోజు చావు వార్తతో వెళ్లి నిలబడ్డాను. వాళ్లను తప్పుపట్టలేను. మధ్యాహ్నం అయింది. అవ్వను ఇంటి ముందు బల్ల మీద పడుకోబెట్టి పైన తాటిపత్రి కట్టాం. తాటిపత్రికి చిరుగు ఉంది, అక్కడి నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ మనవడు గొడుగు తెరిచి అవ్వ ముఖం మీద పట్టుకుని నిలబడ్డాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడు. తను మొత్తం తడిసిపోయాడు, చేయి మార్చుకుంటున్నాడు తప్ప గొడుగు పక్కకు తీయలేదు. నన్ను ఏమీ అడగలేదు. నేను ఫోన్లు చేస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే కళ్లతో నా వెంటే ఉన్నాడు.

సాయంత్రం నాలుగింటికి ఆమె పుట్టినూళ్లో దూరపు తమ్ముడు ఒకాయన, విశ్వాసి కూడా కాదు, "మా అక్కే కదా, నా చెలక గట్టు పక్కన పెట్టండి" అన్నాడు. ట్రాలీ ఆటోలో ఇరవై రెండు కిలోమీటర్లు తీసుకెళ్లాం. గుంత తవ్వుతుంటే పక్కల నుంచి మట్టి జారుతూనే ఉంది, నేనూ పార పట్టాను. దీపాల వెలుగులో భూస్థాపన ముగించాం. వాక్యం చదవడానికి బైబిల్ తెరిస్తే పేజీలు తడిసి అంటుకుపోయాయి. నోటికి వచ్చిన కీర్తన చెప్పాను.

తర్వాత నాలుగు చిన్న సంఘాల పాస్టర్లం కలిసి సమాధుల స్థలం కోసం దరఖాస్తు పెట్టుకున్నాం. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఒక మూల స్థలం చేతికి వచ్చేసరికి ఆరేళ్లు పట్టింది. కాబట్టి మీరు హాల్ కోసం వెతకడానికి ముందే ఈ పని చేయండి. పాత సంఘం పెద్దలను అడగండి, తహసీల్దార్ ఆఫీసులో అడగండి, మీలాంటి చిన్న సంఘాల వాళ్లతో కలవండి. ఒక మనిషి తన చావును మన చేతిలో పెడితే, మనం జాగా చూసి ఉంచాలి.

డబ్బు సంగతి. మీ ఇద్దరి జీతంలో మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకుంటే చాలు, మొదటి రెండేళ్లకు వేరే పెట్టుబడి అక్కర్లేదు. ఇల్లు, రెండు చాపలు, ఒక పెద్ద చాయ్ గిన్నె. మా ఇంట్లో మొదటి ఆదివారం కానుక నూట నలభై రూపాయలు. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకు కానుక సంచి ఇద్దరు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెడతారు. ఆ ఇద్దరిలో నేను గానీ మా ఆవిడ గానీ ఉండం. సంఘం నిలబడ్డాక సొసైటీగా రిజిస్టర్ చేయించండి, కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. పెద్దల పేర్లే పెట్టండి, బావమరుదుల పేర్లు వద్దు.

విదేశాల నుంచి ఎవరైనా సాయం చేస్తామంటే జాగ్రత్త. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఆ డబ్బు సేవ కోసం తీసుకోకూడదు. మీ సొంత ఖాతాలో వేయించుకోవడం దానికి దారి కాదు. నాకు ఒకాయన నెలకు ఇంత పంపుతానన్నాడు, బదులుగా ప్రతి నెలా బాప్తిస్మాల సంఖ్య, పిల్లల ఫొటోలు కావాలన్నాడు. వద్దన్నాను. ఆ నెల మా ఇంట్లో బియ్యం లేవు. అయినా బస్తీ పిల్లల ముఖాలు చూపించి డబ్బు తెచ్చుకుంటే ఆ తల్లుల ముందు నేను వాక్యం ఎలా చెప్పను?

చట్టం సంగతులు మరికొన్ని త్వరగా చెప్పేస్తాను. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లిళ్లు జరిపించాలంటే మీలాంటి స్వతంత్ర పాస్టర్‌కు ప్రభుత్వ లైసెన్స్ కావాలి. వచ్చే వరకు లైసెన్స్ ఉన్న పెద్ద పాస్టర్‌ను పిలవండి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండినట్టు కాగితం చూడకుండా తేదీ ఖాయం చేయకండి, ఎంత దగ్గరివాళ్లైనా సరే. మైక్ విషయంలో, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్ నిషేధం, నివాస ప్రాంతంలో పగటి శబ్దం 55 డెసిబెల్స్ దాటకూడదు. ప్రార్థన పేరుతో ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించే హక్కు ఏ మతానికీ లేదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. ఆ కేసులో ఉన్నది ఒక చర్చే. నన్ను నాలుగో నెలలో ఇల్లు ఖాళీ చేయించింది కూడా మతం గొడవ కాదు, మైకే. పక్కింట్లో పదో తరగతి పిల్ల ఉంది, పరీక్షలు. ముప్పై మంది ఉన్న గదికి మైక్ ఎందుకు? ఇల్లు అడిగేటప్పుడే "ఆదివారం పది మంది వచ్చి ప్రార్థన చేసుకుంటారు" అని ఓనర్‌కు చెప్పండి. పది ఇళ్లు కాదంటారు, పదకొండోది దొరుకుతుంది.

ఇంకొకటి, చాలామంది పాస్టర్లు తప్పించుకునేది. ఎస్సీ కుటుంబాల యువకులు బాప్తిస్మం అడిగితే సర్టిఫికెట్ సంగతి దాచకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే ఉంది. క్రైస్తవులుగా మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందకు వస్తారు, ఒక్క శాతం రిజర్వేషన్. ఇది అన్యాయమని నేను నమ్ముతాను, ఎందుకంటే బస్తీలో బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఎవరూ అతన్ని వేరే కులపు మనిషిగా చూడరు. కానీ గ్రూప్స్ రాస్తున్న పిల్లవాడికి ఈ విషయం తెలియకుండా నీళ్లలోకి దింపడం మోసం. నేను అన్నీ చెప్పి, ఇంటికి పంపి, తల్లిదండ్రులతో మాట్లాడుకోమంటాను. కొందరు ఏడాది తర్వాత వచ్చారు. కొందరు రాలేదు. రానివాళ్లు ఇప్పటికీ మా కూడికలకు వస్తారు, నేను వాళ్లను తక్కువగా చూడను. తొందరపెట్టి, ఆశపెట్టి ఇచ్చిన బాప్తిస్మం దేవుని ముందూ నిలబడదు, మనుషుల ముందూ నిలబడదు. అలాగే ఇరుగుపొరుగు దేవుళ్లను, బతుకమ్మను, పీర్ల పండుగను తూలనాడకండి. యేసు గురించి చెప్పడానికే మనకు రోజు సరిపోదు.

మన పాలమూరులో ఇంకో సంగతి ఉంది, వలస. దసరా దాటాక ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు కుటుంబాలు వెళ్లిపోతాయి, వానల ముందు తిరిగొస్తాయి. మొదటి ఏడు నేను సంఘం చెల్లాచెదురైందని భయపడ్డాను. ఇప్పుడైతే వెళ్లేవాళ్ల ఫోన్ నంబర్లు, ఏ మేస్త్రీ కింద, ఏ అడ్డా అని రాసుకుని, ఆదివారం రాత్రి ఫోన్‌లో వాళ్లతో ప్రార్థన చేస్తాం. ఇక్కడ ముసలివాళ్లు, పిల్లలు మిగిలిపోతారు. ఆ ఆరేడు నెలలు వాళ్లను చూసుకోవడమే మా పెద్ద పరిచర్య. సంఖ్య చూసి మీరు కుంగిపోకండి.

చివరగా మీ ఇంటావిడ. మీ ప్రశ్నలో ఆమె ఉద్యోగం ఉంది కానీ ఆమె అభిప్రాయం లేదు. పెళ్లైన పదో ఏట మా ఆవిడ ఒకసారి నాతో అన్నది: "వచ్చినోళ్లకు చాయ్ వోసుడు నాకు కష్టం గాదు. నాకు చెప్పకుండ పిలుచుడే కష్టం." అప్పటి నుంచి ఎవరినైనా ఇంటికి పిలిచే ముందు ఆమెను అడుగుతాను. బస్తీ ఆడవాళ్లు మీకు సగమే చెబుతారు, మిగతా సగం ఆమెకు చెబుతారు. ఆమెకు భారం లేకుండా మీరు ఒక్కరే మొదలుపెడితే, నేను ఆపమనే చెబుతాను. అలాగే నెలకోసారి మీ తప్పులు దాచకుండా చెప్పుకునే పెద్ద సేవకుడు ఒకరు ఉండాలి. నాకు ఉన్న ఆయన నల్లగొండలో ఉండేవారు, నెలకోసారి బస్సులో వెళ్లి వచ్చేవాణ్ని. ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు, వినేవారు.

జూన్‌కు ఇంకా సమయం ఉంది. ఆమెతో కూర్చుని మాట్లాడి ఇక్కడే రెండు విషయాలు రాయండి: ఏ బస్తీ అనుకుంటున్నారు, ఆమె ఏమన్నది. వీలైతే ఒక మంగళవారం సెలవు పెట్టుకుని ఇద్దరూ రండి. పొద్దున్న తొమ్మిదింటికి జనరల్ హాస్పిటల్ ఓపీ దగ్గర ఉంటాను. మధ్యాహ్నం వరకు నాతో తిరగండి, తర్వాత మా ఇంట్లో అన్నం తిని వెళ్లండి. మా ఆవిడకు ముందే చెప్పాను.